బూర్గంపాటి పొలిమేర

1860వ సంవత్సరమున నిజాము గోదావరి యెడమగట్టునందలి తాలూకాలను ఆంగ్లేయులకు వదలుకొన్నది మొదలు బూర్గంపాడు నైజామునను, భద్రాచలము బ్రిటిషు పాలనమునను ఉండెను. నడుమ నదియే హద్దు. ఇటు ఎకరమునకు 40 గుంటలు, అటు 100 సెంట్లు. 1956లో రాష్ట్ర మొక్కటియై, 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో గలియుటతో ఆ హద్దు సమసినది.

2014లో మఱియొకటి పుట్టినది. పోలవరము ముంపు మండలములను ఆంధ్రప్రదేశమునకు జేర్చిన సవరణచట్టము నేలమీద గీతను గీయలేదు, పేర్లు వ్రాసినది. బూర్గంపాడు మండలమున బూర్గంపాడు, సారపాక మొదలగు 12 గ్రామములు తెలంగాణమున నిలిచినవి. తక్కినవి ఆవలికి బోయినవి. కావున శిస్తుకొఱకు నైజాము సర్వేదారులు గొలుసుతో గొలిచిన గ్రామపు పొలిమేరయే నేడు రెండు రాష్ట్రముల సరిహద్దు! కాగితముమీద నిది సులభమే. పొలిమేరన దున్నుకొను రైతు సంగతి వేఱు. పాసుపుస్తకము, బ్యాంకు అప్పు, వరదనష్టపు సాయము, అన్నియు గీతకు ఏవైపున నున్నాడను దానిపై నాధారపడియున్నవి.

భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకును, 2022లో 71.3 అడుగులకును పెరిగినది. అట్టి వరదలకు హద్దురాయి నిలుచునా? నిలిచినను ఇసుకమేటక్రింద గనబడునా?

ఆంధ్రప్రదేశము 2020 డిసెంబరున డ్రోనులతోడను, ఉపగ్రహ సంజ్ఞలను గైకొను రోవరులతోడను పునఃసర్వే ప్రారంభించినది. రోవరు స్థిరకేంద్రముతో సరిచూచుకొని కొన్ని సెంటీమీటర్ల తేడాలో స్థానమును జెప్పును. ఇది గొప్ప సౌకర్యమే. కాని అడవిలో చెట్లగుబురుక్రింద సంజ్ఞ సన్నగిల్లును. డ్రోను ఆకులను జూచునుగాని నేలను జూడదు. అచ్చట టోటల్ స్టేషనుతో మనుష్యులే కొలువవలెను. అంతకుమించి, యంత్రము రాయి ఎక్కడున్నదో చెప్పునుగాని, అది పాతరాయియా, నిన్న జరిపినదియా చెప్పజాలదు. అది టిప్పనును, గ్రామనక్షాను, పొలిమేర నెఱిగిన కోయ పెద్దలును జెప్పవలసినది.

ఒక్క ప్రభుత్వమే తనవైపునుండి కొలుచుకొన్నచో ఒక పొలిమేరకు రెండు గీతలేర్పడుట కష్టము కాదు. అందుచే ఉభయ రాష్ట్రముల సర్వేయర్లును ఒకేదినమున, ఒకే రాళ్లవద్ద, భారత సర్వేశాఖవారి సమక్షమున కొలిచి, అక్కడనే ఒకే పటముమీద సంతకములు చేయవలెనని మేము కోరుచున్నాము. నోటీసు గిరిజన రైతుల యింటికి ముందుగా జేరవలెను. కచ్చేరి గోడ కంటించి యూరకుండరాదు. ఏరు సన్నగిలు చైత్రవైశాఖములే ఈ పనికి తగిన కాలము.