హాస్టల్‌కీ ఇంటికీ మధ్య

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు ఐటీడీఏ పరిధిలోని గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలల పిల్లలు బడిలోనే ఉండి చదువుకుంటారు. అలాంటిచోట పిల్లవాడు కనబడకుండా పోయిన సంగతి వెంటనే బయటపడకపోవడమే అసలు ప్రమాదం. బిడ్డ హాస్టల్లో ఉన్నాడని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. ఇంటికి వెళ్లి ఉంటాడని వార్డెన్ సరిపెట్టుకుంటారు. ఊళ్లో సెల్ సిగ్నల్ లేకపోతే ఈ రెండు నమ్మకాలూ రోజుల తరబడి అలాగే సాగుతాయి.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచే వారం ఎక్కువ కనిపెట్టి ఉండాలి. అరకులో అప్పటికి కాఫీ పండ్ల కోత పూర్తిగా అయిపోదు, చేతికి అందివచ్చిన పిల్లలు తోటల్లోనే ఆగిపోవచ్చు. కొత్తగా చేరిన చిన్నపిల్లలది వేరే బాధ. ఇంట్లో కువి భాషో ఆదివాసీ ఒడియానో మాట్లాడే పిల్లకు తెలుగు తరగతి పరాయిగా ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం కాలిబాట పట్టి ఇంటిదారి వెతుక్కుంటుంది. పెద్ద ఆడపిల్ల తిరిగి రాకపోతే పెళ్లి మాటలు నడుస్తున్నాయేమో ఆరా తీయాలి. సరిహద్దు గ్రామాల కుర్రాళ్ల విషయంలో గంజాయి మూటలు మోయించేవాళ్ల సంగతీ మరవకూడదు.

బ్రిటన్‌లో సంరక్షణ గృహాల పిల్లల కోసం ‘ఫిలోమినా ప్రోటోకాల్’ అనే పద్ధతి ఉంది. తప్పిపోయే అవకాశమున్న పిల్లల ఫొటో, స్నేహితులు, తరచూ వెళ్లే చోట్లు ముందే రాసిపెట్టి, అవసరమైనప్పుడు పోలీసులకు ఇస్తారు. ఆశ్రమ పాఠశాలకు ఇది ఒక నోటుబుక్కుతో అయ్యే పని. అందులో ఊరికి వెళ్లే కాలిబాట, పిల్ల మాట్లాడే భాష, ఊళ్లో సిగ్నల్ దొరికే మనిషి నంబరు ఉండాలి. సెలవులకు పంపేటప్పుడు ఎవరు తీసుకెళ్లారో రాసి సంతకం తీసుకోవాలి.

పిల్ల కనబడకపోతే ఒక రోజు చూద్దామనుకోవడం తప్పు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదును ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలనీ, మొదట అపహరణ లేదా అక్రమ రవాణాగానే భావించాలనీ సుప్రీంకోర్టు 2013 మే 10న చెప్పింది. పరువు పోతుందన్న జంకుతో బడివాళ్లే ఆలస్యం చేస్తే ఆ తీర్పు ఉండీ ప్రయోజనం లేదు. 112కు గానీ 1098కి గానీ ఫోన్ చేయవచ్చు. అరకు రైల్వేస్టేషన్‌లో ఒంటరిగా కనిపించిన బిడ్డ ఏ బడి పిల్లయినా సరే, 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లో సమాచారం ఇవ్వాలి.

దొరికిన పిల్లను అందరి ముందూ నిలబెట్టి తిట్టడం చాలాచోట్ల జరిగేదే. దానివల్ల మళ్లీ పారిపోవడం ఆగదు, ఈసారి ఎవరికీ చెప్పకపోవడం మాత్రం ఖాయం. తన భాష తెలిసిన పెద్దమనిషి విడిగా కూర్చోబెట్టుకుని ఎందుకు వెళ్లిందో అడగాలి. హాస్టల్లోనే కొట్టడమో, లైంగిక వేధింపో కారణమని తేలితే ఆ విషయం బడిలోనే సర్దుబాటు చేసేది కాదు. పోలీసులకూ బాలల సంక్షేమ కమిటీకీ చెప్పాల్సిందే.