మైనంలో రాజుగారి చర్మం

ఒకే అచ్చులో పోసినా, ప్లాస్టర్ ముఖం ఎంత రంగు వేసినా బొమ్మలాగే ఉంటుంది. మైనపు ముఖం మాత్రం మనిషిలా ఎందుకుంటుంది? తరగతిలో ఓ అమ్మాయి వేసిన ఈ ప్రశ్నకు మంచి జవాబు వెర్సాయ్ కోటలో ఉంది. 1705 ప్రాంతంలో ఆంత్వాన్ బెన్వా మైనంతో చేసిన పద్నాలుగో లూయీ పక్కముఖం అది. విగ్గు నిజమైన జుట్టుది, బట్టలు నిజమైన పట్టువి, లేసువి. అప్పటికి రాజుకు అరవై దాటాయి. వదులైన చెంప, చిన్నప్పటి మశూచి మచ్చలు, దర్బారు చిత్రాలు కప్పిపుచ్చినవన్నీ ఇందులో ఉన్నాయి.

కిటుకంతా వెలుతురులోనే ఉంది. రంగు పూసిన ప్లాస్టర్ మీద పడ్డ వెలుతురు దాదాపు పైపొరనుంచే తిరిగొచ్చేస్తుంది. చర్మం అలా కాదు. కొంత వెలుతురు లోపలికి దిగి, అక్కడ చెదిరి, పడ్డచోటుకు కాస్త పక్కన బయటికొస్తుంది. అందుకే సజీవమైన చెంప మీద నీడ అంచు మెత్తగా ఉంటుంది. తేనెమైనంలోనూ వెలుతురు ఇలాగే నడుస్తుంది. పైగా రంగును మైనంలోనే కలపవచ్చు కాబట్టి, ఎరుపు రక్తంలాగా లోపలినుంచే కనిపిస్తుంది.

పోతలోనూ ఇంతే తెలివి. ప్లాస్టర్ అచ్చును నీళ్లలో నానబెడితే మైనం అంటుకోదు. కరిగిన మైనం పోయగానే అచ్చు గోడను ఆనుకున్న పొర ముందు గట్టిపడుతుంది. మిగతాది ఒంపేస్తే లోపల బోలు. చల్లారేకొద్దీ మైనం కుంచించుకుపోయి అచ్చును తనంతట తానే వదిలేస్తుంది. ఆపైన వెంట్రుకలు ఒక్కొక్కటిగా గుచ్చాలి.

తేనెమైనం కరిగేది 62-64 డిగ్రీల దగ్గరే అయినా, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. లండన్‌లో స్థిరపడ్డ అమెరికన్ శిల్పి పేషెన్స్ రైట్ ఆ గుణాన్ని పట్టుకుంది. మైనాన్ని ఏప్రన్ కింద ఒంటి వేడికి మెత్తగా ఉంచుకుని, ఎదుట కూర్చున్నవారితో మాట్లాడుతూనే వారి ముఖం మలిచేది. మూడో జార్జి రాజును కూడా ఆమె మైనంలో దించింది. అదే నగరంలో ఐజక్ గాసెట్‌ది పూర్తిగా వేరే దారి. అరచేతిలో పట్టే ఏనుగుదంతపు రంగు మైనపు పతకాల మీద రాజకుటుంబాన్ని తీర్చేవాడు. గాసెట్ పనితనం గొప్పదే, కానీ నాకు రైట్ దారే ఇష్టం. మైనం అసలు శక్తి నునుపులో లేదు, ఒంటిరంగులో ఉంది.

తర్వాత పారిస్‌లో మైనపు శిల్పి కుర్టియస్, ఆయన శిష్యురాలు మేరీ టుస్సాడ్, ఆమెతో 1802లో లండన్ చేరిన మైనపు బొమ్మల ప్రదర్శన, అంతా వేగంగా జరిగిపోయింది. ఈనాటి సినిమా కంప్యూటర్ బొమ్మల ముఖాలకూ ప్రాణం పోసింది ఆ వెలుతురు సూత్రమే. వెలుతురు చర్మంలోకి దిగి తిరిగొచ్చే తీరును లెక్కకట్టడం మొదలుపెట్టాకే వాటికి ప్లాస్టిక్ మెరుపు తగ్గింది. బెన్వా ఆ లెక్కను సరైన పదార్థం ఎంచుకోవడంతోనే తేల్చేశాడు.