లావు టైరుకు చోటున్నదా?

కొండదారి సైకిళ్లకు లావు టైర్లు బిగించే ఉత్సాహం నేటి యువతలో కనిపిస్తున్నది. ఈ టైర్ల పుట్టుకకు మంచు ఒక కారణం. అలాస్కాలో 1987లో ఆరంభమైన ఇడిటాబైక్ పందెంలో సన్నని చక్రాలు మంచులో కూరుకుపోయేవి. అందుచేత కొందరు రెండేసి రిమ్ములను జోడించి చక్రాలు చేసుకున్నారు. 2005లో సర్లీ సంస్థ 3.7 అంగుళాల టైర్లతో ‘పగ్స్లీ’ని విపణిలోకి తెచ్చింది.

సూత్రం సులభం. మనిషి, సైకిలు కలిసి 200 పౌండ్లనుకుందాం. చదరపు అంగుళానికి 40 పౌండ్ల పీడనముంటే నేలను తాకే వైశాల్యం సుమారు 5 చదరపు అంగుళాలు. 10 పౌండ్లయితే 20. బరువు పరచుకొని చక్రం తేలుతుంది. సన్నని టైరులో గాలి అంతగా తగ్గిస్తే రిమ్ము రాళ్లకు తగులుతుంది.

బిగింపులో మేమే పొరబడ్డాము. మా అబ్బాయి సైకిలుకు 2.1 అంగుళాల టైరు తీసి 2.4 వేశాము. స్టాండుపై చక్రం చక్కగా తిరిగింది. కాని మలుపులలో బరువు పడి చక్రం కొద్దిగా ఒరిగినప్పుడల్లా టైరు ఫ్రేమును రాసుకున్నది. వారానికే ప్రక్కన నూలు బయటపడింది. పల్లంలో పగిలి ఉంటే? తలచుకుంటే నేటికీ గుండె ఝల్లుమంటుంది.

కనుక గాలి నింపిన తరువాత టైరు చుట్టూ కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నదో లేదో కొలవండి. లేనిచో పాత టైరే మేలు.