రిపోర్టు ఎవరి చేతిలో వుండాలి?

స్త్రీల ఆరోగ్యం అనగానే మన సంఘాల చర్చ కాన్పు దగ్గర మొదలై పిల్లల ఆపరేషన్ దగ్గర ఆగిపోతుంది. నలభై దాటిన కూలి తల్లి దేహం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ముట్టు అన్నా తాకడమే, అంటు అన్నా తాకడమే. స్త్రీని నెలకు మూడు రోజులు, దళితులను బతుకంతా దూరం పెట్టడానికి ఈ సమాజం వాడుకున్న మాటలివి. దళిత స్త్రీ రెండింటినీ మోసింది. ముట్లుడిగే కాలం చుట్టూ వున్న మౌనాన్ని కూడా ఈ చరిత్రలో భాగంగానే మేము చూస్తున్నాం.

ఈ మౌనానికి వెల వుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. దేశం మొత్తం మీద చూస్తే, వీరిలో సగం మందికి 34 ఏళ్ళు దాటకముందే ఆపరేషన్ అయిపోయింది.

ఇదెలా జరుగుతుందో వాడల్లో అందరికీ తెలుసు. తెల్లబట్ట, నడుం నొప్పి, ఆగని ఎర్రబట్ట. ఊరి ఆరెంపీ పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రికి తోలుకపోతాడు. ఒక స్కానింగు. “సంచి పుండయింది, తీయకపోతే క్యాన్సరయితది. ఇంక పిల్లల్ని గనేదుందా, అదెందుకమ్మా?” అంటారు. అప్పు ఆమెది, కడుపు ఆమెది. రిపోర్టు మాత్రం ఆసుపత్రిది. చేతికొచ్చినా ఇంగ్లీషులో వుంటుంది.

ఆ కాగితం ఏం చెబుతుంది? స్కానింగులో ‘బల్కీ’ అని వుంటే గర్భసంచి కాస్త పెద్దదిగా వుందని అర్థం. కాన్పులయినవారిలో ఇది మామూలే. ‘ఫైబ్రాయిడ్’ అంటే గడ్డ. దాదాపు అన్నీ క్యాన్సర్ కాని గడ్డలే, ముట్లుడిగాక సాధారణంగా కుంచించుకుపోతాయి. పాప్ స్మియర్ పరీక్షలో ‘ఇన్‌ఫ్లమేటరీ’ అని రాస్తే వాపో ఇన్‌ఫెక్షనో వుందని. క్యాన్సర్ అని కాదు. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత, 8 కన్నా తగ్గితే తీవ్రమైనది. థైరాయిడ్ తేడా వల్ల కూడా ఎర్రబట్ట ఎక్కువ కావచ్చు, అందుకే టి.ఎస్.హెచ్. పరీక్ష. 45 దాటాక ముట్లు తప్పుతూ ఒళ్ళంతా ఆవిర్లు వస్తుంటే హార్మోన్ పరీక్షల ఖర్చు సాధారణంగా అక్కర్లేదు. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

మేము ఆపరేషన్‌కు వ్యతిరేకులం కాదు. క్యాన్సర్‌లో, మందులకు లొంగని రక్తస్రావంలో అది ప్రాణం నిలుపుతుంది. కాని గర్భసంచితోపాటు అండాశయాలు కూడా చిన్న వయసులో తీసేస్తే ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి, ఎముకలు బోలుబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నాట్లకూ కలుపుకూ వంగి బతికే మనిషికి ఎముకలే ఆస్తి. సంతకానికి ముందు అడగవలసినవి మూడు: జబ్బు పేరేమిటి? మందులతో తగ్గదా? అండాశయాలు వుంచుతారా, తీస్తారా?

రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల కేసులో, వీటిని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లాకొక పర్యవేక్షణ కమిటీ వుండాలి. మీ జిల్లాలో వుందా అని కలెక్టర్‌ను అడగడం సంఘాల పని.

మిగతాది చదువుకున్న మన పని. తల్లులు రిపోర్టులన్నీ ఒక సంచిలో, తేదీల వరసలో దాచుకునేలా చూడాలి. నెలకొకసారి వాడలో కూర్చొని వాటిని తెలుగులో చదివి చెప్పాలి. అనుమానం వుంటే ప్రభుత్వాసుపత్రిలో మరో డాక్టరు దగ్గరకు వెంట పోవాలి. మన ఫీజులు ఆ తల్లుల కూలి డబ్బుతో కట్టినవే. ఆ చదువు ముందు వాళ్ళ కాగితాలు చదవడానికి అక్కరకు రావాలె.