పోకరు మెట్లు, మారియో ఘట్టములు

గ్రామ పెద్దలారా! 1985లో జపాను దేశపు నింటెండో సంస్థ వెలువరించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ అను వీడియో ఆటలో ఎనిమిది లోకములు, లోకమునకు నాలుగు చొప్పున 32 ఘట్టములు గలవు. ఎన్నిమారులాడినను గోతులు ఉన్నచోటనే యుండును. కావున ముందునకు సాగుటయే నేర్పునకు గుర్తు.

హోల్డెమ్ అను పోకరు పేకాటలోను చిన్న పందెమునుండి పెద్ద పందెమునకు మెట్లు గలవు. కాని యచట గెలుపు నేర్పునకు సాక్ష్యము కాదు. చేత రెండు ఆసులున్నవాడును, రెండు రాజులున్నవానితో తుదివరకు పోరినచో, సుమారు ఐదింట నొకమారు ఓడును. అట్లే నేర్పులేనివాడును ఒక రాత్రి గెలువవచ్చును. వేలకొలది ఆటల లెక్క చూచినగాని నిజము తేలదు.

మారియో పడిపోయిన మరల మొదటినుండి ఆడవచ్చును; పందెమున బోయిన పొలము మరల రాదు. గెలిచితినని మెట్టెక్కబోవు కుఱ్ఱవానిని, ఎన్ని ఆటల లెక్క వ్రాసితివని ముందడుగుడని నా మనవి.