లిక్విడ్ కూలింగ్ రేడియేటర్ కేబినెట్‌లో ఇముడుతుందా? కొనేముందు చూడవలసిన కొలతలు

ప్రాసెసర్ వేడిని ద్రవంతో తగ్గించే యూనిట్‌లో పని రెండు చోట్ల జరుగుతుంది. ప్రాసెసర్‌పై బిగించే పంపు భాగం వేడిని ద్రవంలోకి తీసుకుంటుంది. ఆ ద్రవం గొట్టం ద్వారా రేడియేటర్‌కు చేరి, ఫ్యాన్ల గాలికి చల్లబడి, మరో గొట్టం ద్వారా తిరిగి వస్తుంది. సాకెట్‌కు సరిపడే బ్రాకెట్ ఉంటే పంపుతో పెద్ద ఇబ్బంది రాదు. ఇబ్బందంతా రేడియేటర్‌తోనే. పెట్టె విప్పి, పేస్టు రాసిన తరవాత అది కేబినెట్‌లో పట్టదని తేలితే, ఆ సరుకును వెనక్కి తీసుకోవడానికి చాలా దుకాణాలు ఒప్పుకోవు. అందువల్ల ఈ లెక్క కొనకముందే కాగితం మీద వేసుకోవాలి.

పేరులోని అంకె, అసలు కొలత

రేడియేటర్లను 120, 140, 240, 280, 360, 420 అనే అంకెలతో పిలుస్తారు. ఇది రేడియేటర్ పొడవు కాదు, దానికి బిగించే ఫ్యాన్ల కొలతల మొత్తం. 240 అంటే 120 మి.మీ. ఫ్యాన్లు రెండు, 280 అంటే 140 మి.మీ. ఫ్యాన్లు రెండు. ద్రవం మళ్లే తొట్లు రెండు చివరలా ఉంటాయి కనుక అసలు పొడవు ఇంకా ఎక్కువ. 240 రకం సుమారు 275 మి.మీ., 360 రకం సుమారు 395 మి.మీ. ఉంటాయి. 280 పట్టినచోట 240 ఎలాగూ పడుతుందని అనుకోవడమూ సరికాదు. 120 మి.మీ. ఫ్యాన్‌కు మర రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ.; 140 మి.మీ. ఫ్యాన్‌కు 124.5 మి.మీ. కేబినెట్ రేకులో రెండు కొలతలకూ రంధ్రాలుంటేనే రెండూ బిగుస్తాయి.

మరొక భేదాన్ని గమనించండి. కేబినెట్ వివరాల పట్టికలో 'ఫ్యాన్ స్థానాలు', 'రేడియేటర్ స్థానాలు' అని రెండు వరుసలుంటాయి. చూడవలసింది రెండోది. ఎన్‌జెడ్‌ఎక్స్‌టి హెచ్510 కేబినెట్ పైభాగంలో ఒక ఫ్యాన్‌కు చోటుంది కాని రేడియేటర్‌కు లేదు. దాన్ని ముందుభాగంలోనో వెనుకభాగంలోనో బిగించాలి.

మందం లెక్క

ఎక్కువమంది మరచేది మందాన్నే. సాధారణ రేడియేటర్ మందం 27 మి.మీ., ఫ్యాన్ మందం 25 మి.మీ.; కలిపి 52 మి.మీ. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 రకంలో రేడియేటరే 38 మి.మీ. ఉంటుంది. ఫ్యాన్‌తో కలిపితే 63 మి.మీ. పేరులో రెండూ 360లే అయినా, ఒకటి పట్టినచోట రెండోది పట్టకపోవచ్చు.

ఫ్రాక్టల్ డిజైన్ మెషిఫై సి కేబినెట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దీని పైభాగంలో 240 రేడియేటర్ పడుతుంది. అయితే అందుకు ఒక షరతు ఉంది: మదర్‌బోర్డుపై ఉన్న భాగాల ఎత్తు 40 మి.మీ. దాటకూడదు. కోర్సెయిర్ వెంజెన్స్ ఎల్‌పిఎక్స్ ర్యామ్ ఎత్తు సుమారు 34 మి.మీ. కనుక ఇది సరిపోతుంది. అదే సంస్థవారి వెంజెన్స్ ఆర్‌జిబి ప్రో 51 మి.మీ.; ఇది ఫ్యాన్లకు తగులుతుంది. దీపాల వెలుగు కోసం ర్యామ్ కొనేవారు ఈ 11 మి.మీ. తేడాను ముందే చూసుకోవాలి.

ఇక ముందుభాగం. ఇక్కడ 360 కూడా పడుతుంది. ముందు ఫ్యాన్ ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు 315 మి.మీ. చోటుందని తయారీదారు చెబుతాడు. ఫ్యాన్ మందం ఇందులో అప్పటికే తీసివేసి ఉంది కనుక, రేడియేటర్ మందాన్ని మాత్రమే తీసివేయాలి. 27 మి.మీ. రేడియేటర్‌తో మిగిలేది 288 మి.మీ.; 38 మి.మీ. రకంతో 277 మి.మీ. మీ కార్డు 300 మి.మీ. ఉంటే రెండూ కుదరవు. ఇలాంటప్పుడు రేడియేటర్‌ను పైకి మార్చి, అవసరమైతే పొట్టి ర్యామ్ తీసుకోవడం మేలు. గ్రాఫిక్స్ కార్డు మార్చడం కంటే అది చాలా చవక.

ఇలాంటి షరతులు దుకాణం పట్టికలో తరచు కనిపించవు. తయారీదారు మాన్యువల్‌లో, అదీ చిన్న అక్షరాల్లో ఉంటాయి. మాన్యువల్ దొరకని పాత కేబినెట్ అయితే, రేడియేటర్, ఫ్యాన్ కలిసిన కొలతకు అట్టముక్కలు కత్తిరించి, దొంతరగా అంటించి లోపల పెట్టి చూడండి. మదర్‌బోర్డు పై అంచున ఉండే ప్రాసెసర్ కరెంటు కనెక్టరు, పక్కనున్న హీట్ సింక్ అట్టకు తగులుతున్నాయేమో ఇట్టే తెలుస్తుంది.

గొట్టాలు, గాలి బుడగ

ద్రవంలో కొద్దిగా గాలి ఉంటుంది. అది ఎప్పుడూ ఎత్తైన చోటికి చేరుతుంది. ఆ చోటు పంపు కాకూడదు. గాలి చేరిన పంపు శబ్దం చేస్తుంది, త్వరగా అరుగుతుంది. కాబట్టి రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. ముందుభాగంలో నిలువుగా బిగించేటప్పుడు గొట్టాలు కిందివైపుకు ఉంటే, గాలి పై తొట్టిలోనే నిలిచిపోతుంది. అయితే అప్పుడు గొట్టం గ్రాఫిక్స్ కార్డును చుట్టి రావాలి. పొడవు చాలకపోతే గొట్టాలను పైవైపుకు ఉంచవచ్చు, కాని ఆ కొస పంపు కంటే ఎత్తులో ఉండేలా చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక కేబినెట్‌లో ముందు ఫ్యాన్‌తో గ్రాఫిక్స్ కార్డుకు 330 మి.మీ. చోటుంది. రేడియేటర్ మందం 30 మి.మీ., కార్డు పొడవు 305 మి.మీ. రేడియేటర్‌ను ముందుభాగంలో బిగించవచ్చునా? కారణం రాయండి.