గంటసేపు చేతులు కడక్కుండా

2017 సెప్టెంబరులో ‘మహానుభావుడు’ విడుదలయ్యాక ఓసీడీ (అబ్సెసివ్‌ కంపల్సివ్‌ డిజార్డర్‌) అన్న మాట తెలుగు ఊళ్లలో వేళాకోళానికి బాగా అక్కరకొచ్చింది. మారుతి తీసిన ఆ సినిమాలో శర్వానంద్‌ వేసిన పాత్రకు మురికంటే పడదు. ఎవరు తుమ్మినా, ఎవరు ముట్టుకున్నా హడలిపోతాడు. హాలంతా నవ్వింది. ఆఖరికి ప్రేమించిన అమ్మాయి ఊళ్లో బురదలో దిగి కుస్తీ పడతాడు. ప్రేమే జబ్బు కుదిర్చిందన్నది కథ. మానసిక వైద్యుడి చూపు మాత్రం ఆ బురద మీదే ఆగుతుంది. దేనికి భయపడుతున్నామో అందులోకే దిగడం, దిగాక కడుక్కోవడానికి పరుగెత్తకపోవడం ఈ జబ్బుకున్న గట్టి చికిత్సల్లో ఒకటి.

సినిమాలో లేనిది బాధ. శుభ్రమంటే ఇష్టమున్నవాళ్లు ఇల్లు తుడుచుకుని హాయిగా కూర్చుంటారు. ఓసీడీ ఉన్నవాళ్లకు ఆ హాయి దొరకదు. రాత్రి పదిన్నరకు “ఏవండీ, సిలిండరు కట్టేశానంటారా?” అని ప్రశ్న. “కట్టేశావులేవే, పడుకో” అని జవాబు. ఐదు నిమిషాలకు ఆవిడ మళ్లీ లేచి వంటింట్లోకి వెళ్తుంది. నాబు మీద చెయ్యి వేసి చూసినంతసేపూ నమ్మకమే. వెనక్కి తిరగ్గానే ‘సరిగ్గా చూశానా?’ అని మొదలు. రోజుకు గంటకు పైగా ఇలాంటి వాటికే పోతున్నా, పనులు చెడుతున్నా డాక్టర్లు దాన్ని జబ్బుగానే లెక్కవేస్తారు.

పైకి కనపడనివి ఇంకా ఉన్నాయి. నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లికి దాటుతున్న తల్లికి, చంకలో పిల్లాణ్ణి గోదాట్లో విసిరేస్తానేమోనన్న ఆలోచన చటుక్కున రావచ్చు. గుళ్లో దణ్ణం పెడుతుంటే బూతుమాట మెదలవచ్చు. 1978లో రాక్‌మన్‌, డి సిల్వా అనే పరిశోధకులు ఏ జబ్బూ లేని 124 మందిని అడిగితే, దాదాపు 80 శాతం మంది తమకూ అలాంటి పాడు ఆలోచనలు వస్తాయన్నారు. చాలామంది ‘ఛీ’ అనుకుని వదిలేస్తారు. ఓసీడీ ఉన్నావిడ ‘నేనింత రాక్షసినా?’ అని కుమిలిపోయి పంటు ఎక్కడమే మానేస్తుంది. బిడ్డంటే ప్రాణం కాబట్టే ఆ భయం ఆవిణ్ణి అంతగా పట్టుకుంటుంది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో ఓసీడీ ఉన్నవారు సుమారు 0.8 శాతం. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ లేదు. అదే వాటా ఇక్కడా వేసుకుంటే, 2011 లెక్కల్లో 58 వేల పైచిలుకు జనమున్న నరసాపురం పట్టణంలోనే మూడొందల మంది తేలతారు. వాళ్లెవరూ మన కంట పడరు. ఆ ఊళ్లోని వలంధర రేవులో మూడు మునకలేస్తే భక్తి అంటాం, ముప్పై వేస్తే మరీ భక్తి అంటాం. బెంగాల్లో ఇలాంటి అతిశుచికి ‘శుచిబాయి’ అని పేరుంది. 1975లోనే అజితా చక్రవర్తి, జి. బెనర్జీ దాని మీద పరిశోధన పత్రం రాశారు. మన దగ్గర “ఆవిడకి కాస్త చాదస్తంలెండి” అనేసి ఊరుకుంటాం.

ఊరుకుంటే తగ్గుతుందా? స్వీడన్‌లోని గోతెన్‌బర్గ్‌లో 1954-56 మధ్య చూసిన ఓసీడీ రోగులను 1989-93 మధ్య వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు. మొత్తం 144 మంది. వాళ్ల జీవితంలో ఎక్కువ భాగం ఈనాటి చికిత్సలు లేని కాలంలోనే గడిచింది. 83 శాతం మందిలో ఎంతోకొంత మెరుగు కనిపించింది. సగానికి కాస్త తక్కువ మంది కోలుకున్నారు. ఏ లక్షణమూ మిగలకుండా బయటపడ్డవాళ్లు మొత్తంలో 20 శాతమే. ఆశ పెట్టుకోదగ్గ లెక్కే, కాకపోతే నలభై ఏళ్ల లెక్క. పెళ్లి, ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ ఆ మధ్యలోనే అయిపోతాయి.

ఆ కాలాన్ని కుదించే దారి 1966లో కనపడింది. లండన్‌ మిడిల్‌సెక్స్‌ ఆసుపత్రిలో విక్టర్‌ మేయర్‌ ఇద్దరు రోగుల గురించి రాశాడు. ఒకామెది అతిశుభ్రం. గదిలో కుళాయిలు కట్టేయించి, ఆమె భయపడే వస్తువులనే ముట్టించారు. రెండో ఆమెను వేధించినవి దైవదూషణ ఆలోచనలు. ఇద్దరూ తేరుకున్నారు.

అదే పద్ధతిని నరసాపురానికి తెచ్చుకుందాం. లేసు అల్లే ఒకావిడ, చేతులకేదో అంటుకుందని కడిగి కడిగి వేళ్లు పగలగొట్టుకుంటోందనుకోండి. మొదట ఇంటి గేటు గడియ ముట్టుకుని, పావుగంట కడక్కుండా అల్లిక పట్టాలి. అది అలవాటయ్యాక సంతలో చేతులు మారిన నోట్లు. ఆ తర్వాత బస్టాండు బల్ల. చివరికి పంటు కమ్మీ పట్టుకుని ఏరు దాటి, గంటసేపు చేతులు కడక్కుండా ఉండాలి. మొదట్లో గుండె దడదడలాడుతుంది. కడిగేస్తే ఆ దడ నిమిషంలో తగ్గుతుంది, అందుకే చెయ్యి కుళాయి వైపు లాగుతుంది. కడక్కుండా ఉంటే దడ ఇంకా పెరిగి, కాసేపు నిలిచి, మెల్లగా దిగుతుంది. ఒక్కోరోజు దిగకపోవచ్చు కూడా. అయినా ‘కడక్కపోతే ఏమీ కాలేదు, దడ ఉన్నా నేను అల్లగలిగాను’ అన్నది ఒంటికి తెలుస్తుంది. ఎవరో చెబితే తెలిసేది కాదది. 2005లో ఎడ్నా ఫోవా బృందం ప్రచురించిన ప్రయోగంలో, ఈ అభ్యాసం పూర్తిచేసినవాళ్లలో 86 శాతం మందికి గుణం కనిపించింది. క్లోమిప్రమిన్‌ మందుతో 48 శాతానికి, ఉత్తుత్తి మాత్రతో 10 శాతానికి.

దీన్ని సొంతంగా చేసుకోవచ్చా? నెదర్లాండ్స్‌లో పాల్‌ ఎమ్మెల్‌క్యాంప్‌ 1977లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో, వైద్యుడు దగ్గరుండి చేయించినా, రోగి తానే చేసుకున్నా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. అయితే వాళ్లకూ దారి చూపినవాడు వైద్యుడే. జబ్బు తేలికగా ఉంటే మంచి పుస్తకం, ఓపికున్న తోడు సాయంతో మొదలుపెట్టవచ్చు. తిండి, నిద్ర, పని దెబ్బతింటున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా సొంత వైద్యం పనికిరాదు.

ఇంట్లోవాళ్ల పాత్ర చిత్రమైనది. “కట్టేశావులే” అని పదోసారి చెప్పడం జాలితోనే. కానీ ఆ జాలే జబ్బుకు మేత. ముందుగా మాట్లాడుకుని “ఒకసారి చెప్పాను కదా, ఇక చెప్పను” అని మెత్తగా అనడం మేలు. అరిచి, బలవంతంగా కుళాయి కట్టేయడం చికిత్స కాదు.

మందులూ పనిచేస్తాయి. ఫ్లూఆక్సెటిన్‌, సెర్ట్రలిన్‌ లాంటివి దిగులు జబ్బుకిచ్చే మోతాదు కన్నా ఎక్కువే ఇవ్వాల్సి వస్తుంది. గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారానికే ‘తేడా లేదు’ అని మానేస్తే ఆ మందుకు అవకాశమే ఇవ్వనట్టు. తగ్గాక కూడా ఏడాది రెండేళ్లు వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నరసాపురం నుంచి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికో, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకో వెళ్లే ముందు ఫోనులో అడగాలనుకుంటే, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్‌ ఉంది. నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మందు రాసే డాక్టరు కన్నా ఈ అభ్యాసం చేయించే సైకాలజిస్టు దొరకడం కష్టం. కౌన్సెలింగ్‌ పేరుతో ధైర్యం చెప్పి పంపేవాళ్లు చాలామందే ఉన్నారు. కాబట్టి ఫీజు కట్టే ముందే అడగండి: “భయపడేదాన్ని ముట్టించి, కడక్కుండా ఉండే అభ్యాసం మీరు చేయిస్తారా? వారానికి ఎన్నిసార్లు?”